బొబ్బట్ల లెక్కా, పళ్లెం జోస్యమా?
మూడేళ్లలోపు పిల్లల ఆట, అంచనాలపై ఒక సమీక్ష

కృష్ణా డెల్టాలో పసిబిడ్డ ఉన్న ఇంట్లో మొదటి ఏడాదంతా ఏదో ఒక పిండివంటకు వంక దొరుకుతూనే ఉంటుంది. బిడ్డ బోర్లాపడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు, మాటలొస్తే పంచదార చిలకలు. ఇంటిని బట్టి వంటకం మారుతుంది గానీ వరస మారదు. బొబ్బట్లకు ‘బ’, గారెలకు ‘గ’, అరిసెలకు ‘అ’ అని అక్షరాలు కలిసేలా పేర్చుకున్నారు కాబట్టి చదువు రాని అమ్మమ్మకు కూడా ఈ పట్టిక కంఠతా వచ్చు. వండి నలుగురికీ పంచడంతో ఆ ఇంటి బిడ్డ ఏ మెట్టు ఎక్కిందో వీధి మొత్తానికి తెలిసిపోతుంది.

అదే ఇంట్లో మరో ఆచారం ఉంది. అన్నప్రాశన నాడు పళ్లెంలో పుస్తకం, కలం, బంగారం, కత్తి, పూలు పెట్టి బిడ్డను ముందుకు వదులుతారు. కలం పట్టుకుంటే పండితుడు, బంగారం పట్టుకుంటే ధనవంతుడు. అందరూ నవ్వుకుని ఫొటోలు దిగి భోజనాలకు లేస్తారు. సరదాకి పరవాలేదు.

మన ఇళ్లలోనే పసిపిల్లల్ని అంచనా వేసే పద్ధతులు రెండున్నాయన్నమాట. ఒకటి జరిగినదాన్ని కనిపెట్టి గుర్తుపెట్టుకునేది. రెండోది ఒక్క పూట, ఒక్క స్పర్శతో భవిష్యత్తు చెప్పేది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల్లో మూడేళ్లలోపు పిల్లలకు ఆటపాటల ప్రణాళిక ఎలా వేయాలి, వాళ్ల ఎదుగుదలను ఎలా లెక్కగట్టాలి అన్న ప్రశ్నను పరిశీలిస్తే, పథకాలూ ఫారాలూ యాప్‌లూ అన్నీ చివరికి ఈ రెండింటిలో ఏదో ఒక వైపు మొగ్గుతాయి. ఏ వైపు మొగ్గుతున్నాయన్నదే ఈ వ్యాసం చూసే విషయం.

ఈ వయసులో చదువంటే

ఏడాది బిడ్డకు చదువేమిటని పెద్దలు అడుగుతారు. సబబైన ప్రశ్నే. చెమ్చాను పదోసారి కింద పడేసి అమ్మ మొహం వైపు చూసే బిడ్డ రెండు సంగతులు నేర్చుకుంటోంది: వదిలితే వస్తువు కింద పడుతుంది, పడితే అమ్మ తీసి ఇస్తుంది. మొదటిది లోకం గురించి, రెండోది మనుషుల గురించి. నిపుణులు దీన్నే విడగొట్టి పెద్ద కదలికలు, చేతివేళ్ల పని, మాట, ఆలోచన, నలుగురితో మసలడం, తన పని తాను చేసుకోవడం అని గళ్లు గీస్తారు. బిడ్డకు ఆ గళ్లు తెలియవు. మెట్టు మీద నుంచి దిగి, తాత చెప్పు తెచ్చి, “తా” అని అందించిన పదిహేను నెలల పాప ఒక్క క్షణంలో అన్ని గళ్లూ నింపేసింది.

కాబట్టి ఈ వయసు ప్రణాళికకు పీరియడ్ల పట్టిక పనికిరాదు. బిడ్డ ఇప్పుడు ఏం చేస్తోందో చూడడం, దాని పక్క మెట్టుకు చోటూ వస్తువూ తోడూ అమర్చడం, మళ్లీ చూడడం. పని ఇంతే. ఈ చక్రంలో చూడడమే అంచనా, అమర్చడమే ప్రణాళిక. రెండింటినీ విడదీసి ఒకటి సూపర్‌వైజరుకూ ఇంకొకటి టీచరుకూ అప్పగిస్తే రెండూ చెడతాయి.

తిండి ఒక్కటే చాలదని తేలింది

ఈ రంగంలో అందరూ చెప్పుకునే అధ్యయనం జమైకాది. 1986–87లో కింగ్‌స్టన్ పేదవాడల్లో 9 నుంచి 24 నెలల మధ్య వయసున్న, ఎత్తు ఎదగని 129 మంది పిల్లల్ని శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం నాలుగు జట్లుగా విడగొట్టింది. ఒక జట్టుకు పోషకాహారం, ఒక జట్టుకు ఆట, ఒక జట్టుకు రెండూ, నాలుగో జట్టుకు ఏదీ లేదు. ఆట అంటే వారానికోసారి ఆరోగ్య కార్యకర్త ఇంటికొచ్చి, ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలతో తల్లి చేత బిడ్డను ఆడించడం. రెండేళ్లపాటు అలా చేశారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల్నే వెతికి చూస్తే, ఆట అందిన వారి సంపాదన అందని వారికంటే సుమారు 25 శాతం ఎక్కువగా ఉంది. ఈ ఫలితం 2014లో అచ్చయింది. ఒట్టి పోషకాహారం అందిన జట్టులో అంత దూరం నిలిచిన ఫలితం కనిపించలేదు.

దీన్నిబట్టి తిండి అక్కర్లేదనుకుంటే తప్పు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలలు దాటిన పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం చాలని బిడ్డ నీరసంగా ఒక మూల కూర్చుంటుంది, ఆడదు. ఆడని బిడ్డతో ఎవరూ ఆడరు. తిండీ ఆటా ఒకదాన్నొకటి లాగుతాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి 2018లో ప్రకటించిన చట్రంలో ఆరోగ్యం, పోషణ, పలికితే పలికే సంరక్షణ, భద్రత, చిన్ననాటి నేర్చుకునే అవకాశం అనే అయిదింటినీ ఒకే చేతి వేళ్లలా పెట్టారు.

పొట్లం ఇంటికి వెళ్తోంది, ఆట వెళ్లడం లేదు

మన దేశంలో ఈ పనికి మొదటి పెద్ద పునాది సమగ్ర శిశు అభివృద్ధి పథకం. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైంది. ‘అంగన్‌వాడీ’ అన్న మాట మాత్రం అంతకు ముందే పుట్టింది. మహారాష్ట్ర తీరంలోని బోర్డీ, కోస్బాడ్‌లలో తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ ఆదివాసీ పిల్లల ముంగిళ్లకే బడిని తీసుకెళ్లిన ప్రయోగం నుంచి వచ్చింది. బిడ్డ ఇంటి ముంగిలే బడి కావాలన్నది ఆ మాటలోని అర్థం.

ఆచరణలో ఏమైందో ఏ కేంద్రానికి వెళ్లినా కనిపిస్తుంది. 3 నుంచి 6 ఏళ్ల పిల్లలు కేంద్రానికి వస్తారు. వాళ్లకు వేడి అన్నం, పాటలు, గోడల మీద బొమ్మలు. మూడేళ్లలోపు పిల్లలకు ఇంటికి బాలామృతం పొట్లం. 2013 ఆహార భద్రతా చట్టం ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు ఇంటికిచ్చే ఆహారంలో రోజుకు 500 కేలరీలు, 12–15 గ్రాముల ప్రోటీను ఉండాలని అంకెలతో సహా రాసింది. పొట్లానికి తూకముంది, సంతకముంది, ఫొటో ఉంది. ఇంట్లో ఆ బిడ్డతో ఆడే పావుగంటకు అవేవీ లేవు.

అలాగని పూర్తిగా ఖాళీ లేదు. 2018లో మొదలైన చిన్నపిల్లల ఇంటి సంరక్షణ కార్యక్రమం కింద ఆశా కార్యకర్త 3, 6, 9, 12, 15 నెలలకు బిడ్డ ఇంటికి వెళ్లాలి. తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఏ నెలకు బిడ్డ ఏం చేస్తుందో బొమ్మలతో ముద్రించారు. 2023 మే 10న కేంద్రం ‘పోషణ్ భీ పఢాయీ భీ’ మొదలుపెట్టింది. 2024లో ‘నవచేతన’ పేరుతో పుట్టుక నుంచి మూడేళ్ల వరకు జాతీయ చట్రం వచ్చింది. అందులో 36 నెలల క్యాలెండరు, వయసువారీగా 140 ఆటలు ఉన్నాయి. అంగన్‌వాడీకి ఇన్నాళ్లూ లేని వస్తువిది. మూడేళ్లలోపు బిడ్డతో ఏం చేయాలో మొదటిసారి నెలల వారీగా చేతికొచ్చింది.

చిక్కంతా చేతులది. ఒక టీచరు, ఒక ఆయా. ఉదయం కేంద్రం తెరవడం, వంట, హాజరు, ఫొటోలు, బరువులు, ఫోనులో నమోదు, గర్భిణుల పని, సర్వేలు, సమావేశాలు. ఇన్నింటి తర్వాత ఎండలో మూడు వీధులు తిరిగి ఇంటింటా కూర్చుని బిడ్డను ఆడించే గంట ఎక్కడ మిగులుతుంది? 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులపాటు రాష్ట్రమంతటా అంగన్‌వాడీలు సమ్మె చేసినప్పుడు పత్రికల్లో జీతం మాట ఎక్కువ వినిపించింది. అడగవలసిన మాటే అది. దాని వెనకే పని బరువు మాట కూడా ఉంది. క్యాలెండరు ఇచ్చి గంట ఇవ్వకపోతే, ఆ 140 ఆటలు యాప్‌లో టిక్కులుగానే మిగిలిపోతాయి.

మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. తొలి కాన్పు పుట్టింట్లో. బిడ్డ పేరు ఒక ఊళ్లో నమోదవుతుంది, మూడో నెలలోనో అయిదో నెలలోనో తల్లి అత్తవారింటికి వెళ్తుంది. బోర్లాపడడం నాగాయలంకలో అమ్మమ్మ చూస్తుంది, పాకడం గుడివాడలో నానమ్మ చూస్తుంది. ఇద్దరు ఆశాలు, ఇద్దరు టీచర్లు. మధ్యలో తెగకుండా నిలిచేది తల్లి సంచిలోని కార్డు ఒక్కటే. దాన్ని టీకాల కోసమే తీస్తున్నాం. రెండు ఊళ్ల మధ్య బిడ్డ కథను మోసే వంతెనగా వాడుకోవచ్చు.

గీత మీద పెట్టిన పెన్సిలు

ఇక అంచనా సాధనాల సంగతి. అమెరికాలో నాన్సీ బేలీ రూపొందించిన కొలమానాన్ని బరోడాలో ప్రమీలా ఫాటక్ మన పిల్లల మీద పరీక్షించి, భారతీయ శిశువులకు తగిన ప్రమాణంగా మలిచారు. 1970లో మొదటి రూపం, 1997లో సవరించిన రూపం. ఇందులో కదలికలకు 67, మానసిక ఎదుగుదలకు 163 అంశాలున్నాయి. శిక్షణ పొందిన వారే వాడాలి, సమయం పడుతుంది. ఊళ్లో పనికి ఇది బరువు.

ఆ బరువును దింపినవారు తిరువనంతపురంలోని శిశు వికాస కేంద్రం వారు. బరోడా ప్రమాణాల నుంచి 17 అంశాలు ఏరి, రెండేళ్లలోపు పిల్లల కోసం ఒక్క కాగితం మీద గీతలుగా గీశారు. బిడ్డ వయసు దగ్గర పెన్సిలును నిలువుగా పెట్టాలి. పెన్సిలుకు ఎడమవైపు పూర్తిగా ఉన్న పనుల్లో బిడ్డకు రానిది ఏదైనా ఉంటే డాక్టరుకు చూపించాలి. అంతే. కాగితం, పెన్సిలు, ఓపికగా చూసే మనిషి ఉంటే చాలు. కంఠతా పట్టిన బొబ్బట్ల పట్టికకు ఇంతకంటే దగ్గరి చుట్టం ఇంకోటి లేదు.

అయితే ఏ పట్టికనైనా చదవడం రావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఢిల్లీతో పాటు ఘనా, నార్వే, ఒమన్, అమెరికా పిల్లల్ని గమనించి 2006లో ప్రకటించిన లెక్కలో, ఆసరా లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా జరగవచ్చు. తొమ్మిది నెలల వెడల్పున్న కిటికీ అది. పక్కింటి పిల్ల పదో నెలలో నడిచిందనీ మన వాడు పద్నాలుగో నెల వచ్చినా నడవడం లేదనీ దిగులుపడే కోడలికి ఈ ఒక్క అంకె చెబితే చాలు. నెలలు నిండక ముందే పుట్టిన బిడ్డకైతే పుట్టినరోజు నుంచి లెక్కపెట్టకూడదు. ఎన్ని వారాలు ముందొచ్చిందో అన్ని తీసేసి, రెండేళ్లదాకా అలాగే సరిచూడాలి. ఈ చిన్న తీసివేత మరిచి ఎందరో తల్లుల్ని ఊరికే భయపెడుతున్నాం.

దీనికి రెండో వైపూ ఉంది. “వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడాడు” అని నానమ్మ అభయమిస్తే ఆ మాట మీద ఏడాది గడిచిపోతుంది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2022లో తన పట్టికను మార్చింది. అంతకు ముందు సగం మంది పిల్లలకు వచ్చే వయసును రాసేవారు. ఇప్పుడు నూటికి డెబ్బై అయిదు మంది చేరుకునే వయసును రాశారు. ‘కొన్నాళ్లు చూద్దాం’ అనే సాకుకు చోటు తగ్గించడమే వాళ్ల ఉద్దేశం. పాకడాన్ని పట్టిక నుంచి తీసేశారు కూడా. కొందరు నిపుణులు ఈ మార్పును ఒప్పుకోలేదు. ఆ వాదన ఎలా ఉన్నా కొన్ని గుర్తులకు ఎదురుచూపు కూడదు: పెద్ద చప్పుడుకు ఉలికిపడకపోవడం, ఏడాది నిండినా ‘బాబా దాదా’ల్లాంటి పలుకులు లేకపోవడం, పేరు పెట్టి పిలిచినా తిరగకపోవడం, పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోవడం, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోవడం, ఏ వయసులోనైనా వచ్చిన పని పోవడం. వీటికోసమే 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలున్నాయి, జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాల ఏర్పాటు ఉంది.

ఇక్కడ మూడు పనులు కలిసిపోతున్నాయి, వాటిని విడదీసుకోవాలి. జల్లెడ పట్టడం ఒకటి: ఎవరిని డాక్టరుకు చూపించాలో తేల్చడం. నిర్ధారించడం రెండోది: అది డాక్టరు పని. రేపు ఏ ఆట ఆడించాలో తెలుసుకోవడానికి రోజూ గమనించడం మూడోది: అది తల్లి, నానమ్మ, టీచరు పని. మొదటిదాన్ని రెండోదిగా భ్రమపడితే జల్లెడలో నిలిచిన బిడ్డకు ‘మందబుద్ధి’ ముద్ర పడుతుంది. మూడోదాన్ని మొదటిదిగా మారిస్తే ఇంటికొచ్చిన టీచరు పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరవుతుంది. పళ్లెం జోస్యం సరదా హద్దు దాటేది అక్కడే.

తేడా అడిగే తీరులోనే తెలుస్తుంది. “పాప పాకుతోందా? నిలబడుతోందా?” అని గుమ్మంలో నిలబడి అడిగితే తల్లి అన్నింటికీ “ఆఁ, చేస్తోందండీ” అంటుంది. పాపకు రావట్లేదంటే తన పెంపకానికి మచ్చ కదా. టీచరు మెట్టు మీద కూర్చుని “ఏమ్మా, మీ పాప ఇప్పుడు కొత్తగా ఏం అల్లరి చేస్తోంది?” అని అడిగితే ఆ తల్లే పావుగంట చెబుతుంది. అందులో పట్టికకు కావలసినవన్నీ ఉంటాయి. అడగని సంగతులూ ఉంటాయి.

చూసి, ఒక మెట్టు వేయడం

గమనించాక ఏం చేయాలన్న విషయంలో ప్రపంచం మూడు మంచి మాటలు చెప్పింది. హంగరీలో డాక్టరు ఎమ్మీ పిక్లర్ 1946లో బుడాపెస్టులో అనాథ శిశువుల ఆశ్రమం మొదలుపెట్టి, బిడ్డ తనంతట తాను చేరలేని భంగిమలో బిడ్డను పెట్టవద్దన్నారు. కూర్చోవడం రాని బిడ్డను దిండ్ల మధ్య కుదేసి కూర్చోబెట్టకుండా నేల మీద వదిలితే దొర్లి, బోర్లాపడి, తనే లేచి కూర్చుంటుంది. చక్రాల వాకర్లో బిడ్డను వేలాడదీసే వాళ్లకూ ఇదే జవాబు. ప్రమాదాల కారణంగా కెనడా 2004లో ఆ వాకర్ల అమ్మకాన్నే నిషేధించింది. మన పాత మూడు చక్రాల చెక్క బండి అలాంటిది కాదు. నిలబడడం వచ్చిన బిడ్డే దాన్ని పట్టుకుని తోస్తుంది. బిడ్డకు ఎంత వస్తే బండి అంతే కదులుతుంది.

రెండోది ఇంగ్లండులో ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ చెప్పిన వస్తువుల బుట్ట. కూర్చోవడం వచ్చి ఇంకా పాకని బిడ్డ ముందు రకరకాల నిత్య వస్తువులున్న బుట్ట పెట్టి, పెద్దవాళ్లు మాట్లాడకుండా పక్కన కూర్చోవడమే ఆ ఆట. ప్లాస్టిక్ బొమ్మలన్నీ నోట్లో పెడితే ఒకే రుచి, ఒకే నునుపు. మన వంటింట్లో స్టీలు గ్లాసు, చెక్క గరిటె, కొబ్బరి చిప్ప, చిన్న చేట, పీచు, నూలు గుడ్డ, తాటాకు గిలక్కాయ ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో బరువు, చలువ, చప్పుడు. ఖర్చు లేని బడి ఇది. చింతపిక్కలు, గవ్వలు, వేరుశనగ గింజలు మాత్రం మూడేళ్లు దాటేదాకా బుట్టలోకి రాకూడదు, గొంతులో పడతాయి.

మూడోది న్యూజిలాండులో మార్గరెట్ కార్ రూపొందించిన కథా పద్ధతి. టిక్కు పెట్టే బదులు బిడ్డ చేసిన పనిని నాలుగు వాక్యాల కథగా రాసి, తర్వాత ఏం అమరుస్తామో ఒక వాక్యం చేర్చి, ఇంటివాళ్లకు చదివి వినిపిస్తారు. మన టీచర్లకు ఇది కొత్త బరువు కానక్కర్లేదు. నెలకు ఒక బిడ్డ గురించి నాలుగు వాక్యాలు ఫోనులో తల్లికి మాటగా పంపినా చాలు.

ఒక ఉదాహరణ అనుకుందాం. కోడూరు దగ్గర ఒక ఇంట్లో పద్నాలుగు నెలల బాబు డబ్బా మూతలు తీస్తున్నాడు, పెట్టలేకపోతున్నాడు. ఇది పరిశీలన. పక్క మెట్టు ఏమిటి? పెద్ద గిన్నెలో చిన్న గిన్నె, అందులో ఇంకా చిన్నది. రోజూ నానమ్మ బియ్యం ఏరే వేళ పక్కనే పది నిమిషాలు. నానమ్మ చేయవలసింది ‘లోపల’, ‘బయట’, ‘పట్టింది’, ‘పట్టలేదు’ అని పలకడం, తొందరపడి తాను పెట్టేయకపోవడం. వారం తర్వాత చూడాలి: పెట్టగలుగుతున్నాడా, చూపుడు వేలూ బొటనవేలూ కలుపుతున్నాడా, ‘ఓపల’ లాంటి మాటేదైనా వచ్చిందా. వస్తే మూత తిప్పే డబ్బా. రాకపోతే అదే ఆట ఇంకో వారం. ఈ ప్రణాళికకు కార్డు వెనక రెండు గీతలు చాలు.

ఇలాంటి వేళలు ఇంట్లో ముందే ఉన్నాయి. కాళ్లు చాపి బిడ్డను పడుకోబెట్టి నూనె రాసి నలుగు పెట్టి నీళ్లు పోసే వేళను మించిన పాఠముందా? ‘ఇది చెయ్యి, ఇది బొజ్జ’ అంటూ ప్రతి అవయవానికీ పేరు, కాలు ఆడించడానికి చోటు, బిడ్డ ‘ఊఁ’ అంటే పెద్దామె ‘ఊఁ’ అనడం. జోలపాట, ఉప్పుమూట, దాగుడుమూతలు, బువ్వాలాట, చీకటి పడ్డాక చందమామను చూపించి తినిపించే బువ్వ: నవచేతన క్యాలెండరు చెప్పేవాటిలో చాలా వాటికి ఇంటి పేర్లు ఇవి. శిక్షణలో వాటిని ఆ పేర్లతోనే పిలిస్తే నానమ్మలకు కొత్తగా నేర్పేదేమీ ఉండదు. వాళ్లే మనకు నేర్పుతారు.

పంటా, వేటా, చెరువు గట్టూ

ఏ జాతీయ క్యాలెండరైనా ఈ నేలకు వచ్చేసరికి రెండో క్యాలెండరుతో సరిపోవాలి. సార్వా నాట్లప్పుడూ కోతలప్పుడూ ఆ తర్వాత మినుము తీతలప్పుడూ తల్లి పొలంలో, బిడ్డ నానమ్మ దగ్గరో అక్క దగ్గరో ఉంటుంది. ఆ రోజుల్లో ఇంటి సందర్శన తల్లి కోసం వెతికితే వృథా. ఎవరి ఒళ్లో బిడ్డ ఉందో వాళ్లకే ఆట చెప్పాలి. గిలకలదిండి, నాగాయలంక, ఎదురుమొండి వైపు మరో సంగతి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో చేపల వేట నిషేధం. నెలల తరబడి తెల్లవారకముందే వెళ్లే తండ్రులు ఇంటిపట్టున ఉండే కాలమది. తండ్రులు బిడ్డల్ని ఆడించే కార్యక్రమం ఎప్పుడు పెట్టాలో సముద్రమే తేదీలతో చెబుతోంది. ఇంతవరకు ఆ రెండు నెలల్ని వేట నిషేధ భృతి లెక్కకే వాడుకున్నాం.

బందరు (మచిలీపట్నం)లో చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పని ఎందరో ఆడవాళ్లకు ఇంటి పని. రాళ్లు అతికిస్తూ, గొలుసులు అల్లుతూ బిడ్డను పక్కనే ఉంచుకుంటారు. అమ్మ కళ్లెదుటే ఉండడం బిడ్డకు భాగ్యమే. చిన్న పూసలు, రాళ్లు, మెరుగు పెట్టే రసాయనాలు మాత్రం ప్రాణాంతకం. పెడనలో అద్దకం రంగుల దగ్గరా ఇంతే. పని చాపకూ బిడ్డ చాపకూ మధ్య గీత గీయడమే ఈ ఇళ్లలో మొదటి ప్రణాళిక. బిడ్డ చాప మీద అమ్మ వాడే గిన్నెల్లాంటివే, నోట్లో పట్టనంత పెద్దవి ఉంటే తనూ ‘పని’ చేస్తుంది.

గుడివాడ, నందివాడ వైపు చేపల చెరువులు, అన్ని ఊళ్లలో కాలవలు, దివిసీమలో ఉప్పుటేర్లు. నడక వచ్చిన బిడ్డకు నీళ్ల కంటే పెద్ద ఆకర్షణ లేదు, పెద్ద ప్రమాదమూ లేదు. నీట మునిగే ప్రమాదం ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలకే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనలాంటి డెల్టాయే అయిన బంగ్లాదేశ్ దీనికి ‘ఆంచల్’ అనే జవాబు కనిపెట్టింది. తల్లులు ఇంటి పనుల్లో, పొలం పనుల్లో మునిగే ఉదయం పూట ఊళ్లోనే ఒక ఇంట్లో పిల్లల్ని పెట్టుకుని ఆడించే శిశు కేంద్రమది. మునక మరణాలు తగ్గాయి, ఆటపాటలూ అందాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు నీటి ప్రమాదాల నివారణలో ఇలాంటి శిశు కేంద్రాల్ని సిఫారసు చేస్తోంది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమకు తుఫాను షెల్టర్ల అవసరం నేర్పింది. ఒక్కొక్కరుగా పిల్లల్ని తీసుకెళ్లే నీళ్లకు సైరన్ మోగదు కాబట్టి వాటికి షెల్టరు కట్టాలని ఎవరికీ తట్టలేదు.

చట్టాల్లో దారి ఉంది. ఉపాధి హామీ పని చోటుకు అయిదుగురో అంతకంటే ఎక్కువో ఆరేళ్లలోపు పిల్లలొస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను కేటాయించి కూలి ఇవ్వాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం రాసిపెట్టింది. మిషన్ శక్తి కింద 2022లో వచ్చిన ‘పాల్నా’ పథకం ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల కోసం అంగన్‌వాడీతో కలిపి శిశు కేంద్రం నడపవచ్చంది. చెరువుగట్టు ఊళ్లకూ రోల్డ్‌గోల్డ్ వీధులకూ ఇంతకంటే సరిపోయే పథకం లేదు.

అన్నప్రాశన నాడే ఆవకాయ

అధికారిక వ్యవస్థ వదిలేసిన చోట్లోకి బజారు వచ్చింది. గుడివాడలోనూ బందరులోనూ రెండేళ్ల పిల్లల్ని చేర్చుకునే ప్లే స్కూళ్లు వీధివీధినా కనిపిస్తాయి. బాలల హక్కుల జాతీయ కమిషన్ తన మార్గదర్శకాల్లో మూడేళ్లు నిండని పిల్లల్ని చేర్చుకోవద్దన్నా పట్టించుకునేవారు తక్కువ. అక్కడ అంచనా అంటే ఇంగ్లిషు అక్షరాలెన్ని వచ్చాయి, రంగుల పేర్లెన్ని చెప్పాడు అన్నదే. ప్రోగ్రెస్ రిపోర్టు చూసి తల్లిదండ్రులు మురుస్తారు. మొక్కై వంగనిది మానై వంగదన్న సామెతను తోడు తెచ్చుకుంటారు. వేళ్లు ఊనని మొక్కను వంచితే విరుగుతుందని కూడా రైతుకు తెలుసు. అన్నప్రాశన నాడే ఆవకాయ తినిపించబోతే మూతి మంటే మిగులుతుంది.

ఫోను సంగతీ ఇంతే. బిడ్డ అన్నం తినాలంటే యూట్యూబు కావాలన్న ఇళ్లు పేదా ధనికా తేడా లేకుండా ఉన్నాయి. రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించవద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తెరలోని పాట బాగానే ఉంటుంది. కానీ బిడ్డ ‘ఊఁ’ అంటే తెర ఆగి ‘ఊఁ’ అనదు. ఈ వయసు చదువంతా ఆ ‘ఊఁ’లోనే ఉంది.

తీర్పు

మొత్తం కలిపి చూస్తే, ఏం చేయాలో తెలియక ఆగిపోయిన విషయం కాదిది. ఆటల పట్టిక ఉంది, కార్డు ఉంది, పెన్సిలు గీత ఉంది, ఇళ్లలో పాటలూ గిన్నెలూ నానమ్మలూ ఉన్నారు. లేనివి రెండే: ఇంటికి వెళ్లి కూర్చునే గంట, ఆ గంటను పనిగా లెక్కగట్టే అధికారి. బాలామృతం పొట్లానికి సంతకం తీసుకున్నట్టే ఆటకూ టిక్కు తీసుకుంటే సరిపోతుందనుకుంటే మనం పళ్లెం జోస్యం దగ్గరే ఆగిపోయినట్టు.

2022 ఏప్రిల్ 4 నుంచి మచిలీపట్నం కేంద్రంగా చిన్నదైన కృష్ణా జిల్లాకు ఇదొక అవకాశం. గుడివాడ వైపు ఒక చెరువుగట్టు ఊరు, బందరులో ఒక రోల్డ్‌గోల్డ్ వీధి, దివిసీమలో ఒక లంక ఎంచుకుని ఏడాదిపాటు మూడు పనులు చేసి చూడవచ్చు. ప్రతి కేంద్రంలో టీచరుకు వారంలో రెండు మధ్యాహ్నాలు ఏ ఫారమూ లేకుండా ఇళ్లకే వదిలేయడం. ఉదయం పూట ఆడించే శిశు కేంద్రం ఒకటి తెరవడం. వేట నిషేధపు రోజుల్లో తండ్రుల్ని నేల మీద కూర్చోబెట్టడం. ఏడాది చివర పిల్లలకు పరీక్ష పెట్టవద్దు. ఏ ఇంటికి వెళ్లినా టీచరు ఆ బిడ్డ గురించి ఒక కొత్త సంగతి చెప్పగలిగితే పథకం నడిచినట్టే.

అంతవరకు ఇంట్లో పసిబిడ్డ ఉన్న పాఠకులకు ఒక్క మనవి. ఈసారి బొబ్బట్లు వండినప్పుడు తల్లీబిడ్డల కార్డు కూడా తీసి, బిడ్డ ఆ రోజు ఏం చేసిందో, తేదీ ఏమిటో దాని మీద ఒక వాక్యం రాయండి.